కొత్త బయోకెమిస్ట్రీ అనలైజర్ వచ్చిందా? రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు ఇలా పరీక్షించండి

కవిటి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు కాగితాలు తెచ్చి నా టేబుల్ మీద పరిచాడు. ఒకటి వాళ్ళ ఊరికి దగ్గర్లోని ల్యాబ్‌ది, సీరం క్రియాటినిన్ 1.2. రెండోది మాది, మూడు రోజుల తర్వాతది, 1.5. "ఏటమ్మా, ఊరు మారితే కిడ్నీ కూడా మారిపోద్దా?" అన్నాడు. రెండు చోట్లా మెషీన్లు నడుస్తున్నాయి, కంట్రోళ్ళు (విలువ ముందే తెలిసిన పరీక్ష సీరాలు) పాసయ్యాయి, టెక్నీషియన్లు చదువుకున్నవాళ్ళే. అయినా ఆయనకు చెప్పడానికి నా దగ్గర సూటి జవాబు లేదు. మా అనలైజర్ 1.4 దగ్గర ఎంత అటూ ఇటూ అవుతుందో అప్పటికి నేను కొలిచి చూసుకోలేదు మరి.

టెక్కలి, పాలకొండ, రాజాం, బొబ్బిలి, పార్వతీపురం... ఏ ఊరి ఆసుపత్రికి కొత్త ఆటోమేటిక్ అనలైజర్ వచ్చినా నన్ను అడిగేది ఒకటే. "ఇంజినీర్ వచ్చి ఇన్‌స్టాల్ చేసి వెళ్ళాడు, కంట్రోల్ రేంజిలోనే ఉంది, ఇక రిపోర్టులు ఇచ్చేయొచ్చా?" అప్పుడే వద్దు. ఇంకా పది రోజుల పని ఉంది. ఆ పనేమిటో వరసగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా క్రియాటినిన్‌తోనే ఇస్తాను. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్కనే ఉండగా మనకు అంతకంటే ముఖ్యమైన పరీక్ష ఏముంది?

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- రెండు లెవెళ్ళ కంట్రోల్, పది రోజులకు సరిపడా, అన్నీ ఒకే లాట్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి.
- కాలిబ్రేటర్ (మెషీన్‌కు కొలత నేర్పే ద్రవం), రీజెంట్లు (పరీక్ష రసాయనాలు), ఇవి కూడా ఒకే లాట్‌వి. మధ్యలో లాట్ మారితే లెక్క మొదటికి వస్తుంది.
- సీరం పూల్, అంటే చాలామంది సీరాలు కలిపిన మిశ్రమం. ఎలా కలపాలో కింద రాశాను.
- 5 మి.లీ. వాల్యూమెట్రిక్ పిపెట్. సిరంజి కాదు.
- పోల్చి చూడటానికి మరో ల్యాబ్, లేదా మీ పాత అనలైజర్.
- ఎక్సెల్ ఉన్న కంప్యూటర్, ఒక రూళ్ళ నోటుబుక్. నోటుబుక్కే ముఖ్యం.

పూల్ సంగతి. కొన్న కంట్రోల్‌లో క్రియాటినిన్ నార్మల్ లెవెల్ 1 దగ్గర ఉంటే, అబ్‌నార్మల్ లెవెల్ సాధారణంగా 4 పైన ఉంటుంది. మనకు కావలసిందేమో 1.2కీ 2కీ మధ్య. ఆ ఖాళీని మీరే పూడ్చుకోవాలి. పని అయిపోయాక మిగిలిన సీరాల్లో 1.3 నుంచి 1.5 వరకు వచ్చినవి ఏరండి. హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ నెగెటివ్ అయినవే తీసుకోండి. పేర్లు తీసేయండి. పచ్చగా, ఎర్రగా, పాలలా ఉన్నవి వద్దు. అన్నీ ఒక బీకరులో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, అర మి.లీ. చొప్పున చిన్న గొట్టాల్లో పోసి మైనస్ 20లో పెట్టండి. రోజుకొకటి బయటికి తీయండి. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. కరిగిన సీరం చూడటానికి ఒకేలా ఉంటుంది కానీ పైన పలుచగా, అడుగున చిక్కగా పేరుకుంటుంది. గొట్టాన్ని పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేసి కలపకపోతే ప్రోబ్ పై పొరనే పీల్చుకుంటుంది. మీరేమో తప్పు మెషీన్‌దనుకుంటారు.

1. ఎంత తేడా ఒప్పుకుంటారో ముందే రాసి సంతకం పెట్టండి

ఫలితాలు చూశాక హద్దు గీస్తే అది హద్దు కాదు. అమెరికా ల్యాబ్ నిబంధన అయిన క్లియా హద్దులు 2025 జనవరి 1 నుంచి మారాయి. మొదలుపెట్టడానికి అవి చాలు. కొన్ని ఇవి (మి.గ్రా. అంటే డెసిలీటరుకు; మిల్లీమోల్, యూనిట్లు అంటే లీటరుకు):

గ్లూకోజ్ - 6 మి.గ్రా. లేదా 8%, ఏది ఎక్కువైతే అది
క్రియాటినిన్ - 0.2 మి.గ్రా. లేదా 10%, ఏది ఎక్కువైతే అది
సోడియం - 4 మిల్లీమోల్
పొటాషియం - 0.3 మిల్లీమోల్
టోటల్ బిలిరూబిన్ - 0.4 మి.గ్రా. లేదా 20%, ఏది ఎక్కువైతే అది
ఏఎల్‌టీ (కాలేయ ఎంజైమ్) - 6 యూనిట్లు లేదా 15%, ఏది ఎక్కువైతే అది
కొలెస్టరాల్ - 10%

క్రియాటినిన్ దగ్గర మాత్రం ఈ 0.2 నాకు నచ్చదు. 45 ఏళ్ళ మగమనిషిని తీసుకోండి. 2021 సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.3 అయితే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) 69 వస్తుంది, 1.5 అయితే 58. అరవై గీతకు అటొకటి, ఇటొకటి. రూలు ఒప్పుకున్న తేడాతోనే ఆ మనిషి కిడ్నీ రోగుల జాబితాలోకి ఎక్కుతాడు, లేదా జాబితాలో ఉండవలసినవాడు ఇంటికి వెళ్ళిపోతాడు. అందుకే 2 కంటే తక్కువ విలువల దగ్గర నేను 10% మాత్రమే ఒప్పుకుంటాను. మీ హద్దు మీ ఇష్టం. ఏదైనా సరే, మొదటి రన్‌కు ముందే నోటుబుక్‌లోకి ఎక్కాలి.

2. నీళ్ళు, కరెంటు, వేడి

నీళ్ళ రెసిస్టివిటీ 10 మెగాఓమ్‌లకు తగ్గకూడదు. ప్లాంటు మీటరు పనిచేస్తోందో లేదో కూడా చూడండి. నేను చూసిన ఒక చోట ఆ మీటరు ముల్లు ఎప్పుడూ ఒకే అంకె మీద ఉండేది, ప్లాంటు ఆపేసినా సరే. నీళ్ళు చెడితే ముందు కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం తేడా చేస్తాయి.

క్యూవెట్ల (సీరం, రీజెంటు కలిసే చిన్న గొట్టాలు) దగ్గర 37 డిగ్రీలు ఉండాలి. యూపీఎస్ మీద ఎంతసేపు నడుస్తుందో ఒకసారి నిజంగా మెయిన్ ఆపి చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బ్యాటరీలు ఎంతవరకు ఆదుకుంటాయో అలాంటి రోజున తెలుసుకోవడం ఆలస్యమే.

రీజెంట్ పెట్టె ఆమదాలవలస స్టేషన్‌లో దిగిందా, కొరియర్ బండిలో వచ్చిందా అన్నది కాదు, మీ చేతికి వచ్చేసరికి లోపల ఐస్ ప్యాకులు చల్లగా ఉన్నాయా లేదా అన్నది చూడండి. మే నెలలో అయితే తప్పనిసరిగా థర్మామీటర్ పెట్టి, అంకె రాసుకోండి.

3. కాలిబ్రేట్ చేయండి, ఆ తర్వాత చేతులు కట్టుకోండి

కాలిబ్రేషన్ అయ్యాక కంట్రోళ్ళు వేయండి. బాగుంటే ఇక ముట్టుకోవద్దు. కంపెనీ పుస్తకంలో ఆ పరీక్షకు కాలిబ్రేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో చూసి, అప్పుడే మళ్ళీ చేయండి.

మూడో రోజు అంకె కాస్త పెరగగానే కాలిబ్రేట్ చేసేయడం అందరికీ ఉన్న అలవాటు. మనం కొలవాలనుకున్నదే ఆ ఊగిసలాట. దాన్ని మధ్యలో సర్దేస్తే, ఆ తర్వాత రోజూ వచ్చే తేడా ఎంతో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇంకొకటి. కాలిబ్రేటర్‌నే కంట్రోల్‌గా వాడవద్దు. ఏ సీసాతో మెషీన్‌కు పాఠం చెప్పారో ఆ సీసాతోనే పరీక్ష పెడితే ఎప్పుడూ నూటికి నూరే.

4. ఐదు రోజులు, రోజుకు ఐదుసార్లు

ల్యాబ్ ప్రమాణాలు రాసే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ ఈపీ15 పద్ధతి ఇదే. చిన్న ల్యాబుకు ఇది చాలు. రెండు కంట్రోళ్ళు, మీ పూల్, మూడింటినీ రోజుకు ఐదేసిసార్లు, ఐదు రోజులు వేయండి. ఒక్కో పరీక్షకు ఒక్కో లెవెల్‌లో 25 అంకెలు వస్తాయి. తయారీదారులు చేసే ఇరవై రోజుల పద్ధతి మీకు అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్రియాటినిన్‌కు దశాంశం తర్వాత రెండు స్థానాలు పెట్టండి. ఇది మరిచిపోతే మెషీన్ 1.4, 1.4, 1.4, 1.4, 1.4 అని ఇస్తుంది. ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెల చెదురు) సున్నా. చూసినవాళ్ళు "అబ్బ, ఏం మెషీన్!" అంటారు. పని అయ్యాక రిపోర్టు కోసం ఏ సెట్టింగ్ కావాలో అది మళ్ళీ పెట్టుకోండి.

అన్ని రన్‌లూ కంపెనీ ఇంజినీర్ చేత చేయించవద్దు. ఆయన చేయి తిరిగినవాడు, పైగా విశాఖ బస్సు అందుకునే తొందరలో ఉంటాడు. రాత్రి డ్యూటీ చేసేది మీ టెక్నీషియన్లు. ఐదు రోజుల్లో కనీసం ముగ్గురు వేర్వేరు మనుషులు చేసేలా డ్యూటీ చార్టు వేయండి. కొత్తగా చేరిన అమ్మాయిని కూడా కలపండి.

పొడి కంట్రోల్‌ను కరిగించేటప్పుడు వాల్యూమెట్రిక్ పిపెట్‌తో సరిగ్గా 5 మి.లీ. పోయాలి. గుండ్రంగా తిప్పాలి, గిలక్కొట్టకూడదు, నురగ రాకూడదు. అరగంట ఆగాలి, కరగడానికి ఎంతసేపో కాగితంలో వేరుగా ఉంటే దాని ప్రకారం ఆగాలి. సీసా మీద కరిగించిన తేదీ, టైము, చేసినవారి పొడి అక్షరాలు రాయాలి.

5. లెక్క చూడండి

పూల్‌తో వచ్చిన ఒక రోజు అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: 1.41, 1.39, 1.44, 1.42, 1.40. సగటు 1.41, ఎస్‌డీ 0.019. సీవీ అంటే ఎస్‌డీని సగటుతో భాగించి వందతో హెచ్చవేయడమే. 1.4% వస్తుంది. చాలా బాగుంది. ఈ ఒక్కరోజు కాగితాన్నే ఫైల్లో పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళు ఎక్కువ.

ఐదు రోజుల సగటులు చూడండి: 1.41, 1.43, 1.45, 1.40, 1.41. రోజు మారేసరికి మొత్తం కాస్త కదులుతోంది. రోగి ఒకే రోజు ఐదుసార్లు రక్తం ఇవ్వడు. నెలకొకసారి వస్తాడు. కాబట్టి ఆయనకు తగిలేది ఈ కదలికే.

ఎక్సెల్‌లో డేటా అనాలిసిస్‌లోకి వెళ్ళి అనోవా సింగిల్ ఫ్యాక్టర్ నొక్కి, ఐదు రోజుల నిలువు వరసలు ఇవ్వండి. ఎంఎస్ కింద రెండు అంకెలు వస్తాయి. మన ఉదాహరణలో బిట్వీన్ గ్రూప్స్ 0.0020, వితిన్ గ్రూప్స్ 0.0006 అనుకోండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి ఐదుతో భాగించండి: 0.00028. దానికి 0.0006 కలపండి: 0.00088. వర్గమూలం 0.030. సగటు 1.42తో భాగిస్తే సీవీ 2.1%. మీ ల్యాబ్ అసలు సీవీ ఇదే. తీసివేత మైనస్ వస్తే ఆ భాగాన్ని సున్నా అనుకోండి.

కంపెనీ పుస్తకంలో రాసిన సీవీతో పోల్చండి. మీది దానికి సమానంగానో తక్కువగానో ఉంటే సరే. కొద్దిగా ఎక్కువైనా, మీరు మొదట రాసుకున్న హద్దులో మూడో వంతు దాటకపోతే కంగారు వద్దు.

ఒక అంకె మిగతావాటికి దూరంగా పడితే? గీత కొట్టేసే ముందు కారణం వెతకండి. శాంపిల్ కప్పులో బుడగ, ఫైబ్రిన్ పోగు, అడుగంటిన సీరం. కారణం దొరికితే రాసి తీసేయండి. దొరక్కపోతే అంకె అక్కడే ఉండాలి.

నంబర్లు చెడినప్పుడు తప్పు ఎక్కడ ఉన్నట్టు?

ఇంజినీర్‌కు ఫోన్ చేసే ముందు అయిదు నిమిషాలు ఈ లక్షణాలు చూసుకోండి. సగం ఫోన్లు తప్పుతాయి.

అన్ని పరీక్షలూ ఒకే వైపు, ఇంచుమించు ఒకే శాతం పెరిగాయా? మెషీన్‌ను అనుమానించవద్దు. కంట్రోల్‌లో నీళ్ళు తక్కువ పోశారు. ఒకసారి మా దగ్గర గ్లూకోజ్, యూరియా, ప్రోటీన్, కొలెస్టరాల్ అన్నీ నాలుగేసి శాతం పైకి వెళ్ళాయి. రెండు గంటలు ప్రోబ్ కడిగాం. చివరికి చెత్తబుట్టలో 5 మి.లీ. సిరంజి కనిపించింది. పిపెట్ కనపడక దాంతో పోశానని టెక్నీషియన్ ఒప్పుకున్నాడు. కొత్త సీసా కరిగించి వేస్తే అన్నీ దారికి వచ్చాయి.

ఒక్క పరీక్ష మాత్రమే చెడిందా? రీజెంటో, ఆ కాలిబ్రేషనో.

ఏఎల్‌టీ, ఏఎస్‌టీ, యూరియా లాంటి 340 నానోమీటర్ల పరీక్షలన్నీ ఒకేసారి ఊగుతున్నాయా? ల్యాంపు ముసలిదైంది. ల్యాంపు నీరసించేటప్పుడు ముందు ఆ వైపు వెలుగే తగ్గుతుంది.

ఎంజైమ్ పరీక్షలన్నీ ఒకేసారి తగ్గి, గ్లూకోజ్, కొలెస్టరాల్ బాగున్నాయా? క్యూవెట్ల వేడి చూడండి.

ప్రతి పదీ పదిహేను శాంపిళ్ళకు ఒకటి చెడుతోందా? ఒకే నంబరు క్యూవెట్ గీత పడిందో, మాసిందో. ఏ క్యూవెట్‌లో ఏ అంకె వచ్చిందో రియాక్షన్ డేటాలో ఉంటుంది.

6. నలభై శాంపిళ్ళు, రెండు చోట్ల

అంకెలు నిలకడగా ఉంటే చాలదు, నిజానికి దగ్గరగా కూడా ఉండాలి. పోల్చడానికి పాత అనలైజర్ ఉంటే దాంతో, లేదా శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుతో. కనీసం 40 శాంపిళ్ళు, కనీసం ఐదు రోజుల్లో విడగొట్టి, రెండు చోట్లా వీలైనంత దగ్గర సమయంలో చేయించండి.

ఏరికలో ఉంది కిటుకంతా. ఓపీకి వచ్చిన మొదటి 40 మందిని తీసుకుంటే ముప్పైమందికి 0.7, 0.8, 0.9 వస్తాయి. దాని వల్ల తెలిసేది శూన్యం. క్రియాటినిన్‌కు నేను ఇలా పంచుతాను: ఒకటికి లోపు పది, 1.1 నుంచి 2 లోపు పదిహేను, 2 నుంచి 5 వరకు పది, డయాలిసిస్ వార్డు నుంచి ఐదు. నలభై దొరక్కపోతే బాగా ఏరిన ఇరవై అయినా, ఏరని నలభై కంటే మేలు.

విశాఖకు పంపేవాళ్ళకు ఒక హెచ్చరిక. రక్తాన్ని గొట్టంతో సహా బస్సులో పెట్టవద్దు. వేరు చేయని రక్తంలో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. చల్లబెడితే పొటాషియం కణాల్లోంచి సీరంలోకి కారుతుంది. ముందు సెంట్రిఫ్యూజ్ చేసి, సీరం వేరే గొట్టంలోకి తీసి, దాన్ని 2 నుంచి 8 డిగ్రీల్లో పంపండి. బిలిరూబిన్ గొట్టానికి నల్ల కాగితం చుట్టండి. అదే సీరంలో మీ సగాన్ని కూడా అప్పటిదాకా అలాగే ఉంచి, వాళ్ళు చేసే సమయానికే మీరూ చేయండి.

పోల్చే ముందు అవతలివాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి. క్రియాటినిన్ జాఫేనా, ఎంజైమాటిక్కా? యూరియా ఇస్తున్నారా, బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్) ఇస్తున్నారా? ఏఎల్‌పీ అనే ఎంజైమ్‌కు బఫర్ ఏఎంపీనా, డీఈఏనా? యూరియాను బీయూఎన్‌తో పోల్చి "సగానికి సగం తప్పు" అని గోల చేసినవాళ్ళు నాకు తెలుసు. బీయూఎన్‌ను 2.14తో హెచ్చవేస్తే యూరియా వస్తుంది, గొడవ లేదు. డీఈఏ బఫర్‌తో ఏఎల్‌పీ ఎక్కువ వస్తుంది, అది మెషీన్ తప్పు కాదు. ఇక జాఫే పద్ధతిలో పిక్రేట్ అనే రసాయనం క్రియాటినిన్‌తో పాటు ప్రోటీన్‌తో, గ్లూకోజ్‌తో, కీటోన్‌లతో కూడా కాస్త రంగు ఇస్తుంది. ఆ తేడా తక్కువ విలువల దగ్గరే ఎక్కువగా కనిపిస్తుంది. కవిటి పెద్దాయన రెండు కాగితాలకూ మధ్య ఉన్నది కూడా ఇదే. ఆ ల్యాబ్‌వాళ్ళది ఎంజైమాటిక్, మాది అప్పటికి జాఫే. ఆ సంగతి నేను ఫోన్ చేసి అడిగేదాకా రెండువైపులా ఎవరికీ తట్టలేదు.

ఫలితాలు వచ్చాక గ్రాఫు గీయండి. అడ్డంగా వాళ్ళది, నిలువుగా మీది. దాని పక్కనే తేడాల గ్రాఫు కూడా గీయండి. అడ్డంగా సగటు, నిలువుగా మీది మైనస్ వాళ్ళది. కళ్ళతో చూడండి, తర్వాతే సూత్రాలు.

"ఆర్ 0.99 వచ్చింది, సూపర్" అని నాకు మెసేజ్ పెట్టవద్దు. మీ ప్రతి అంకె వాళ్ళదానికి సరిగ్గా ఒకటిన్నర రెట్లున్నా ఆర్ 1 వస్తుంది. రెండూ కలిసి పెరుగుతున్నాయని మాత్రమే అది చెబుతుంది. చూడవలసింది వాలు (స్లోప్), అంతరఖండం (ఇంటర్‌సెప్ట్). ఆర్ 0.975 పైన ఉంటే మామూలు రిగ్రెషన్ సరిపోతుంది. తగ్గితే శాంపిళ్ళ వ్యాప్తి చాలలేదని అర్థం. ఇంకొన్ని కలపండి, లేదా డెమింగ్, పాసింగ్-బాబ్లాక్ పద్ధతులు వాడండి.

ఉదాహరణకు వాలు 0.97, అంతరఖండం 0.09 వచ్చాయనుకుందాం. వాళ్ళ 3.0 దగ్గర మీకు 3.0 వస్తుంది, తేడా లేదు. వాళ్ళ 8 దగ్గర మీకు 7.85, రెండు శాతం తక్కువ. వాళ్ళ 1.4 దగ్గర మీకు 1.448, అంటే 3.4% ఎక్కువ. నలభై తేడాల సగటు తీస్తే అటూ ఇటూ కొట్టుకుపోయి దాదాపు సున్నా రావచ్చు. సగటు తేడా సున్నా అని రాసి ఫైలు మూసేస్తే, ఉద్దానం నుంచి మొదటిసారి పరీక్షకు వచ్చిన ప్రతి మనిషికీ ఎక్కువ చూపిస్తూ కూర్చుంటారు. అందుకే తేడాను ఎప్పుడూ వైద్యం మారే అంకె దగ్గర లెక్కించండి: గ్లూకోజ్‌కు 126, క్రియాటినిన్‌కు 1.4, పొటాషియంకు 3 దగ్గరా 6 దగ్గరా.

రెండో ల్యాబే దొరకనివాళ్ళు వేలూరు సీఎంసీ నడిపే ఈక్వాస్‌లో చేరండి. గుర్తు తెలియని శాంపిళ్ళు వస్తాయి, మీ జవాబు మీ పద్ధతివాళ్ళందరి సగటుకు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

7. పై హద్దు

ఎక్కువ విలువ ఉన్న సీరం ఒకటి, తక్కువది ఒకటి తీసుకుని కలపండి. 0.8, 16.0 అనుకుంటే: తక్కువది మూడు పాళ్ళు, ఎక్కువది ఒక పాలు కలిపితే 4.6 రావాలి. సగం సగం అయితే 8.4. ఒకటికి మూడు అయితే 12.2. రెండు చివరలతో కలిపి ఐదు మెట్లు. ఒక్కోటి రెండుసార్లు వేయండి. నీళ్ళతో పలచన చేయవద్దు, సీరం సీరంలా ఉండదు.

ఏఎల్‌టీ దగ్గర మాత్రం ఇక్కడ ఆగి చూడాలి. కళ్ళు పసుపు పచ్చగా, వాంతులతో వచ్చిన కుర్రాడికి ఏఎల్‌టీ 38 వచ్చిందని డాక్టర్ గారు నమ్మలేక ఫోన్ చేస్తారు. జరిగేది ఇది: ఎంజైమ్ వేలల్లో ఉన్నప్పుడు రీజెంట్‌లోని ఎన్‌ఏడీహెచ్ మెషీన్ చదవడం మొదలుపెట్టేలోపే ఖర్చైపోతుంది. చదివే సమయానికి గీత చదునుగా ఉంటుంది, మెషీన్ తక్కువ అంకె ఇస్తుంది. అంకె పక్కన చిన్న గుర్తు కూడా వేస్తుంది. ఆ గుర్తు ప్రింటులో వస్తోందా? ఈ పది రోజుల్లోనే ఇలాంటి శాంపిల్ ఒకటి వెతికి, పలచన చేయకుండా వేసి, గుర్తు వస్తుందో లేదో కళ్ళారా చూడండి. తర్వాత పదింతలు పలచన చేసి వేయండి. దీనికి కంపెనీ ఒప్పుకున్న సెలైన్ వాడవచ్చు. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోకి అంకె వెళ్ళి గుర్తు వెళ్ళకపోతే, ఆ లింకు సరిచేసేదాకా ఏఎల్‌టీ చేత్తో ఎక్కించండి.

8. క్యారీఓవర్

ముందు శాంపిల్ మిగులు తర్వాతిదాంట్లో కలుస్తోందా అన్నదే ఇది. ఎక్కువ శాంపిల్ మూడుసార్లు, వెంటనే తక్కువది మూడుసార్లు. తక్కువదాని మొదటి అంకెలోంచి మూడో అంకె తీసేసి, ఎక్కువదాని మూడోదానికీ తక్కువదాని మూడోదానికీ ఉన్న తేడాతో భాగించండి. 12.0 తర్వాత 0.74, 0.71, 0.70 వస్తే 0.04ను 11.3తో భాగించాలి: 0.35%. ఒక శాతం లోపు ఉంటే సరి. దాటితే ప్రోబ్ వాష్ చూడండి.

9. రంగు మారిన సీరం

మీ ల్యాబులోనే చేయగలిగిన పరీక్ష ఒక్కటే చెబుతాను. ఒకే మనిషి రక్తంలో ఒక గొట్టం మామూలుగా, ఇంకో గొట్టం సన్న సూదిలోంచి గట్టిగా రెండుసార్లు లాగి తోసి కణాలు పగలగొట్టి, రెండూ వేయండి. పొటాషియం, ఏఎస్‌టీ ఎంత పెరిగాయో, మెషీన్ హీమోలిసిస్ గుర్తు ఏ స్థాయిలో వేసిందో రాసుకోండి. ఏ స్థాయి దాటితే రిపోర్టు ఆపాలో మీ కాగితం మీద ఉండాలి. జాఫే క్రియాటినిన్ వాడేవాళ్ళు కామెర్ల రోగి సీరంలో అంకె తక్కువ వస్తుందని గుర్తుంచుకోండి.

10. ఇరవైమంది ఆరోగ్యవంతులు

రిపోర్టులో పక్కన వేసే నార్మల్ రేంజి మీ ఊరివాళ్ళకు సరిపోతుందా? ఇరవైమందికి చేయండి. రేంజి బయట ఇద్దరికి మించకపోతే ఆ రేంజి వాడుకోండి. ముగ్గురో నలుగురో బయటపడితే ఇంకో ఇరవైమందికి చేయండి. అంతకంటే ఎక్కువైతే ఆలోచించాలి.

క్రియాటినిన్‌కు మన దగ్గర ఒక చిక్కుంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కొబ్బరి తోటలో ఉదయం నుంచి పనిచేసి వచ్చిన మనిషి మీకు ఉక్కులా కనిపిస్తాడు. కిడ్నీ జబ్బు చాలాకాలం బయటకు తెలియదు. ఆయన్ను ఆరోగ్యవంతుల లెక్కలో వేసుకుని, అంకె ఎక్కువ వచ్చిందని రేంజినే పైకి జరిపితే, జబ్బునే నార్మల్ అని ముద్ర వేసినట్టే. కాబట్టి ఇరవైమందికీ మూత్రంలో ఆల్బుమిన్, బీపీ, షుగర్ చూసి, ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నారేమో అడిగి, అప్పుడే చేర్చండి. ఆసుపత్రి సిబ్బందినైనా ఇలాగే చూసి తీసుకోండి. ఆడవాళ్ళు, మగవాళ్ళు వేరువేరు.

11. అన్నీ కలిపి ఒక అంకె

సిగ్మా అంటే హద్దులోంచి తేడా తీసేసి సీవీతో భాగించడం. మన ఉదాహరణలో 10 మైనస్ 3.4, భాగించు 2.1: మూడు చిల్లర. అదే క్లియా 0.2 హద్దు పెట్టుకుంటే, 1.4 దగ్గర అది 14.3% అవుతుంది కనుక సిగ్మా ఐదు దాటుతుంది. ఒకే మెషీన్, ఒకే అంకెలు. హద్దు మారితే మార్కులు మారిపోయాయి. హద్దు ముందే రాయమన్నది ఇందుకే.

ఆరు వస్తే రోజుకు రెండు లెవెళ్ళ కంట్రోల్ వేసి, 3 ఎస్‌డీ దాటితేనే ఆగండి. నాలుగైదు మధ్య అయితే వెస్ట్‌గార్డ్ నియమాలు (కంట్రోల్ అంకె ఎప్పుడు తప్పినట్టో చెప్పేవి) పూర్తిగా పెట్టండి. మూడు దగ్గర తచ్చాడే పరీక్షకు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కంట్రోల్ వేయండి. ఎంజైమాటిక్ రీజెంట్‌కు మారే ఖర్చు ఎంతో సూపరింటెండెంట్ గారికి ఈ లెక్కతో సహా రాసి పంపండి. "ఇది మంచిది సార్" అంటే కొనరు. 1.3, 1.5 మధ్య ఒక మనిషి ఎటు పోతాడో చూపిస్తే వింటారు.

కంట్రోల్ సీసా కాగితంలో ఇచ్చిన రేంజి చాలా వెడల్పుగా ఉంటుంది, అన్ని ల్యాబులనూ కలుపుకునేలా. ఇరవై రోజుల అంకెలు వచ్చాక మీ సొంత సగటు, మీ సొంత ఎస్‌డీ పెట్టుకోండి.

12. ఫైలు

మెషీన్ సీరియల్ నంబరు, రీజెంట్, కాలిబ్రేటర్, కంట్రోల్ లాట్‌లు, ముందు రాసిన హద్దు, అన్ని ముడి ప్రింటులు (బాగా రానివి కూడా), లెక్కలు, పాసో ఫెయిలో, బయోకెమిస్ట్ లేదా పేథాలజిస్ట్ సంతకం, తేదీ. థర్మల్ ప్రింటులు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి, జిరాక్స్ తీసి పెట్టండి. ఏదైనా పరీక్ష ఫెయిలైతే మిగతావి మొదలుపెట్టి, అది ఒక్కటీ పాత మెషీన్ మీదో బయటో చేయించండి. అన్నీ ఒకేసారి మొదలవ్వాలని రూలేమీ లేదు.

ల్యాంపు మార్చినా, ప్రోబ్ మార్చినా, మెషీన్‌ను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరిపినా కాలిబ్రేట్ చేసి, కంట్రోళ్ళు వేసి, ఫ్రీజర్‌లో మిగిలిన పూల్ గొట్టం ఒకటి తీసి ఐదుసార్లు వేయండి. రీజెంట్ లాట్ మారితే పాత లాట్‌తో చేసిన ఐదారు రోగుల సీరాలు కొత్తదాంతో మళ్ళీ వేయండి, వాటిలో రెండైనా 1.2కీ 2కీ మధ్యవి ఉండాలి. పూల్ గొట్టాలు పదికి తగ్గగానే కొత్తది కలపడం మొదలుపెట్టండి. పాతదీ కొత్తదీ ఒక వారం పక్కపక్కన నడిపితేనే కొత్తదాని అంకె మీద నమ్మకం కుదురుతుంది.